అక్క అతికించిన హెల్మెట్

మా తోటికోడలు బట్టలు కుడుతుంది. వీధి మలుపులో మందుల షాపుకీ సైకిళ్ల షాపుకీ మధ్య ఇరుక్కున్న చిన్న గది ఆమె దుకాణం. వరసకి తోటికోడలైనా నేను అక్కా అనే పిలుస్తాను. ఒకే ఇంట్లో కింది వాటా వాళ్లది, పై వాటా మాది. ఇంటిపని తెమిలాక దుకాణానికి వెళ్లి గుండీలు కుట్టడం, అంచులు మడవడం నా పని. అక్క గురించి చెప్పమంటే అందరూ ఆమె చేతిపని గురించి చెబుతారు. నేను మాత్రం ముందు ఆమె నోటి గురించే చెబుతాను.

ఎదుటివాళ్లు మాట వెతుక్కుంటుంటే ఆ నోరు ఊరుకోదు. ఎవరైనా జాకెట్టు తెచ్చి, "ఇక్కడ కాస్త..." అంటారు. "వదులు చెయ్యాలి, అంతేగా" అంటుంది. "మరి ఎప్పటికి..." అంటారు. "ఎల్లుండి సాయంత్రం" అంటుంది. మా బావగారైతే పెళ్లయినప్పటినుంచి ఒక్క వాక్యం పూర్తి చేసి ఎరగరు. సగం చెప్పి పేపరు చదువుకుంటారు, మిగతా సగం అక్క చెప్పేస్తుంది. ఆయనకి అది సుఖంగానే ఉంది. నాకే ఒళ్లు మండేది. నేను చెప్పబోయేది ఆమె చెప్పేయడం ఒక ఎత్తయితే, నాకంటే బాగా చెప్పడం మరో ఎత్తు.

ఆ అలవాటు ఆమెకి పుట్టుకతో వచ్చింది కాదు, తమ్ముడితో వచ్చింది. అతనికి నత్తి. వాళ్లమ్మ పొద్దున పనికి వెళ్తే చీకటి పడ్డాక వచ్చేది, తమ్ముణ్ణి పెంచింది అక్కే. అంగడికి పంపితే అతను "చ... చ..." అంటూ నిలబడిపోయేవాడు. వెనకున్నవాళ్లు తోసుకుని ముందుకెళ్లిపోయేవాళ్లు. వట్టి చేతులతో ఇంటికొచ్చి గోడవైపు తిరిగి కూర్చునేవాడట. అప్పటినుంచి అక్క వెంట వెళ్లడం మొదలుపెట్టింది. అతను నోరు తెరిస్తే చాలు, మాట ఆమె అందించేది. ఉద్యోగానికి పిలిచినప్పుడు కూడా వెంట వెళ్లి పక్క కుర్చీలో కూర్చుంది. పేరు అడిగితే ఆమే చెప్పింది, ఊరు అడిగితే ఆమే చెప్పింది. ఉద్యోగం కావలసింది మీలో ఎవరికండీ అని అక్కడి పెద్దాయన అడిగాడట. అక్క ఈ సంగతి నవ్వుతూ చెబుతుంది. తమ్ముడు నవ్వగా నేను చూడలేదు.

ఆ ఉద్యోగం పిల్లల ఆసుపత్రిలో. స్ట్రెచర్లు తోయడం, చక్రాల కుర్చీలో పిల్లల్ని ఎక్స్‌రే గదికి తీసుకెళ్లి తీసుకురావడం. తాటిచెట్టంత మనిషి కాబట్టి పిల్లలు అతనికి పొడుగు మామ అని పేరు పెట్టారు. ఆపరేషన్‌కి వెళ్లే పిల్లలు అతను తోస్తేనే వెళ్తామని పేచీ పెట్టేవాళ్లట. అయితే వాళ్లతో అతను మాట్లాడేది తక్కువ. కనుబొమలెగరేయడం, బుగ్గలు పూరించడం, చేతిరుమాలుతో కుందేలు చేయడం, అంతే.

ఒక వానాకాలం సాయంత్రం అతను స్కూటర్ దిగి, హెల్మెట్ తియ్యకుండానే దుకాణం గుమ్మంలో నిలబడి మాట్లాడాడు. వార్డులో పిల్లలకోసం హెడ్ నర్సు చిన్న నాటకం వేయిస్తోందనీ, దారితప్పి, ఇదేదో వేరే గ్రహమనుకుని వార్డులో దిగిన అంతరిక్ష యాత్రికుడి వేషం తనని వెయ్యమందనీ, పిల్లలకి తనంటే చనువు కాబట్టి తనే వెయ్యాలని పట్టుబట్టిందనీ గబగబా చెప్పాడు. ఒక్కచోట కూడా తడబడలేదు. అక్క చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది. నేను టీ తాగుతారా అన్నయ్యా అని అడిగాను. హెల్మెట్ తీసి, "తా... తా..." అన్నాడు. "తాగుతాడు" అంది అక్క.

ముఖం కనిపించకపోతే మాట ఆగదని అతను కనిపెట్టాడు. స్కూటర్ మీద ఒంటరిగా వెళ్తూ ఎన్నాళ్లనుంచో తనలో తాను మాట్లాడుకుంటున్నాడట. అందుకే వేషానికి ఒప్పుకున్నాడు. ముఖం పూర్తిగా మూసే హెల్మెట్ ఉండాలన్నది అతని షరతు. స్కూటర్ హెల్మెట్ పనికిరాదు, అది రోజూ వార్డు గుమ్మం పక్కన వేలాడుతుంది కాబట్టి పిల్లలు పోల్చేస్తారు. చివరికి వేషాలకోసం అమ్మే ప్లాస్టిక్ హెల్మెట్ ఒకటి తెప్పించుకున్నాడు. డబ్బాలో విడి భాగాలొస్తాయి, మనమే అతికించుకోవాలి.

"ఒక్కసారి పిల్లలకి నా నోటితో కథ చెప్పాలనుంది అక్కా" అన్నాడు డబ్బా విప్పుతూ. ఆ మాట పూర్తికావడానికి చాలాసేపు పట్టింది. అక్క మధ్యలో రెండు మాటలు అందించింది కూడా. మధ్యలో ఆగిపోయి పిల్లలు నవ్వితే ఇక ఆ వార్డులో ముఖం చూపించలేననీ, స్టోర్ గదిలో పని అడుగుతాననీ తర్వాత నాతో విడిగా అన్నాడు. అతనికి ఆ వార్డు తప్ప లోకం లేదని నాకు తెలుసు. 

డబ్బాలో తెల్లటి పెంకులు రెండున్నాయి, తలకి ఎడమ సగం ఒకటి, కుడి సగం ఒకటి. బయటివాళ్లకి ముఖం కనిపించకుండా దించుకునే పసుపురంగు అద్దం, మెడచుట్టూ వచ్చే వలయం, చెవుల దగ్గర గుండ్రటి మూతలు, లోపల పెట్టే స్పాంజీ ముక్కలు, వేలెడు వెడల్పున్న ఒక పొడుగాటి పట్టీ, జిగురు ట్యూబు, బొమ్మలతో ఒక పుస్తకం. అక్క గుడ్డలు కత్తిరించే బల్ల మీద చోటు చేసుకుని, డ్యూటీ దిగాక రోజూ అక్కడే కూర్చునేవాడు. అంచులు గరుకు కాగితంతో రుద్దేవాడు. రెండు పెంకులూ టేపుతో అంటించి, తలకి పెట్టుకుని, అద్దం దించి, మళ్లీ విప్పేసేవాడు. మళ్లీ రుద్దేవాడు. జిగురు మాత్రం ముట్టుకోలేదు. పక్కనే మిషను తొక్కుతున్న అక్కకి తల ప్రాణం తోకకొచ్చేది. వీడు అతికించేలోపు చంద్రుడి మీద నిజంగానే ఇళ్లు కడతారు అని సణిగేది.

నాటకం ముందురోజు అతనికి అదనపు డ్యూటీ పడింది. టేపు అంటించిన పెంకులు బల్ల మీదే ఉన్నాయి. అక్క వాటివంక ఒకసారి చూసింది, మిషను తొక్కింది, మళ్లీ చూసింది. ఇక ఆగలేకపోయింది.

"పాపం వాడు అలిసిపోయి వస్తాడు. ఈలోగా మనం అతికించి పెడదాం" అంది.

అతనే అతికించుకుంటాడులే, మనకెందుకు అన్నాను. నీకు తెలీదు నువ్వూరుకో అంది. ఊరుకున్నాను. ఆమె చేతులు పని అందుకున్నాక ఎవరూ ఆపలేరు.

బొమ్మల పుస్తకం ఆమె తెరవలేదు. తనకంటే పుస్తకానికి ఎక్కువ తెలుసని ఆమె ఏనాడూ అనుకోలేదు. టేపు పీకేసి, రెండు పెంకుల అంచులూ వేలితో తడిమి చూసి, వీటికి కుట్టుకోసం ఏమీ వదల్లేదే అని ఆశ్చర్యపోయింది. గుడ్డ కుట్టేవాళ్లెవరూ అంచుకి అంచు ఆనించి కుట్టరు, కుడితే రేపే విడిపోతుంది. ఒకదాని మీద ఒకటి వేలెడు ఎక్కాలి, అప్పుడే పట్టు. అందుకని ఎడమ పెంకు మీదికి కుడి పెంకుని వేలెడు ఎక్కించి, మధ్యలో జిగురు పరిచి, బట్టల క్లిప్పులు బిగించింది. మిగిలిపోయిన పొడుగాటి పట్టీ పైన అందానికి కాబోలని పక్కన పెట్టింది. జిగురు ఆరాక క్లిప్పులు తీసి, "చూడు, అతుకు తెలుస్తోందా?" అని నాకు చూపించి మురిసిపోయింది. నిజం చెప్పాలంటే అతుకు చాలా చక్కగా ఉంది.

అద్దం పెట్టబోతే తెలిసింది. ఒకవైపు అద్దం చీల రంధ్రంలో పడుతుంది, రెండోవైపు పడదు. ఇటు నొక్కితే అటు ఎగురుతుంది. పెంకులు ఒకదాని మీదికొకటి ఎక్కేసరికి ముఖం దగ్గర ఖాళీ సన్నబడిపోయింది, అద్దం మాత్రం అదే వెడల్పులో ఉంది. రెండంచులూ ఆనించి, లోపలివైపు ఆ పట్టీ వేసి అతికించాలట. పుస్తకంలో మొదటి బొమ్మే అది. నేను తెరిచి చూపించాను. అక్క అతుకు పొడుగునా గోటితో తడుముతూ పోయింది, ఎక్కడో దారం కొస దొరుకుతుందన్నట్టు.

"కుట్టయితే విప్పేదాన్నే" అంది చివరికి. బ్లేడు దూర్చి చూసింది. ప్లాస్టిక్ తెల్లగా పాలిపోయి చిట్లబోయింది. బ్లేడు కింద పెట్టేసింది.

తమ్ముడు వచ్చాడు. హెల్మెట్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. పక్కనున్న పట్టీని చూశాడు. అతని ముఖంలో కోపం రాలేదు, వస్తే బాగుండుననిపించింది నాకు. "నే... నే..." అని మొదలుపెట్టాడు.

"నేనే చేసుకునేవాణ్ణి, నువ్వెందుకు ముట్టుకున్నావంటావు, అంతేకదా" అంది అక్క. "తప్పయిపోయిందిరా."

అతను కాదన్నట్టు తలూపాడు. ఇంకోసారి ప్రయత్నించలేదు. హెల్మెట్ చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. అతను చెప్పబోయింది ఏమిటో మాకెప్పటికీ తెలియలేదు. అక్క మీద నాకు జాలి వేసిందని ఒప్పుకుంటాను, కోపం అంతకంటే ఎక్కువ వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం వార్డులో మంచాలన్నీ గుండ్రంగా జరిపారు. కట్టు కట్టిన కాళ్లు, చేతులు, సెలైన్ స్టాండ్లు, దిండ్లకి ఆనుకుని కూర్చున్న పిల్లలు. వెనక బల్ల మీద తల్లిదండ్రులతోపాటు మేమూ కూర్చున్నాం. అతను రాడనే అనుకున్నాను. వచ్చాడు. అక్క లైనింగు గుడ్డతో కుట్టిన తెల్లటి దుస్తులు, తల మీద బిగుసుకుపోయిన హెల్మెట్, అద్దం లేని కిటికీలో అతని ముఖం. పొడుగు మామే, పొడుగు మామే అని పిల్లలు క్షణంలో పోల్చేశారు.

మొదటి మాటలు ఎలాగో గట్టెక్కాయి. భయపడకండి అన్నాడు, నేను మీలాంటివాణ్ణే అన్నాడు, నేను వచ్చింది అన్నాడు. అక్కడ ఆగింది. పెదవులు బిగుసుకుపోయాయి. మెడనరం తేలింది. ఎక్కడో ఒకడు కిసుక్కుమన్నాడు. నా పక్కన అక్క లేచి నిలబడింది.

"భూమి నుంచి!" అని అందరికీ వినబడేలా అందించింది.

తలలన్నీ మావైపు తిరిగాయి. అతను కూడా చూశాడు.

"అక్కా, ఆగు. నేనే చెప్తాను."

ఈ మాటలు ఎక్కడా తడబడకుండా వచ్చాయి. ఆ తర్వాత మళ్లీ పెదవులు బిగుసుకున్నాయి. అక్క నిలబడే ఉంది, నోరు తెరిచే ఉంది, మాట మాత్రం అందించలేదు. అతను కళ్లు మూసుకోలేదు, తల దించుకోలేదు. ఆగిన చోటే మళ్లీ మళ్లీ ప్రయత్నించాడు. ఆ పిల్లలు సూదికోసం, డాక్టరుకోసం, ఇంటికి పంపే రోజుకోసం ఎదురుచూడడం అలవాటైన పిల్లలు. ఒక మాటకోసం ఎదురుచూడడం వాళ్లకి పెద్ద పనేమీ కాలేదు. "భూమి నుంచే" అన్నాడు అతను. కాలికి సిమెంటుకట్టుతో ఉన్న ఒక పిల్ల, మరి ఇంటికెలా వెళ్తావు అని అడిగింది. అది నాటకంలో లేని ప్రశ్న. అతను దానికీ జవాబు చెప్పాడు, ఆగి ఆగి. ఇంకొకరు ఇంకోటి అడిగారు. హెడ్ నర్సు మొదట గడియారం చూసుకుంది, తర్వాత చూడడం మానేసి తనూ ఒక మంచం మీద కూర్చుంది. అక్క ఎప్పుడు కూర్చుందో నేను గమనించలేదు. చూసేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. సంతోషమని తర్వాత అందరికీ చెప్పింది. అవమానం కూడానని నేనంటాను. పది మందిలో తమ్ముడు ఆగమంటే ఏ అక్కకి బాధ ఉండదు?

ముగ్గురం కాబట్టి స్కూటర్ ఆసుపత్రిలోనే వదిలి బస్సెక్కాం. కిటికీ పక్క అక్క, మధ్యలో నేను, నా పక్కన హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని అతను. అక్క దారంతా బయటికి చూస్తూ కూర్చుంది. కండక్టరు వచ్చి ఎక్కడికని అడిగాడు. అన్నయ్య "గ... గ..." అన్నాడు. కండక్టరు వేళ్లు టికెట్ మిషను మీద దరువు వేస్తున్నాయి, వెనక ఎవరో చిల్లర గలగలలాడిస్తున్నారు. ఇంత చిన్నమాటకి ఇంతసేపా అనిపించి నేను నోరు తెరిచాను. గడియారం స్టాపు అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చేసింది.

అక్క చెయ్యి నా మోకాలి మీద పడింది. కిటికీవైపు తిప్పిన ముఖం ఇటు తిప్పకుండానే, గోళ్లు దిగేలా నొక్కింది. నేను నోరు మూసుకున్నాను. కండక్టరు నిలబడ్డాడు. అన్నయ్య నింపాదిగా, తనకి పట్టినంతసేపూ తీసుకుని, మా ముగ్గురికీ టికెట్లు అడిగాడు.