నల్ల పెచ్చు మీద నా సంతకం

మా మేనత్త గొర్రెలు కాసేది. సూర్యాపేట అవతల, కాలువ నీళ్లు ఎక్కని ఎర్రచెలకల మీద, మా ఊరి వెనక ఒక వాలు భూమి ఉండేది. అక్కడ గడ్డి దుబ్బుల మధ్య నేలంతా మాడిన రొట్టె అంచులా నల్లగా, గరుకుగా పెచ్చు కట్టి ఉండేది. ఎండాకాలంలో కాలు పెడితే కరకరమని విరిగేది. అందుకే ఆ నెలల్లో అత్త మందను దాని మీదికి తోలేది కాదు. చుట్టూ తిప్పి, బండ్ల బాట మీదుగా కింద ఉన్న కుంటకు తీసుకెళ్లేది. ఎందుకని చిన్నప్పుడు ఒకసారి అడిగాను.

"గది సచ్చినట్టు కనవడ్తది గని బతికే ఉంటది. సూడు," అని చెంబుతో కాసిన్ని నీళ్లు పోసింది. మేం చూస్తుండగానే నలుపు పచ్చబడింది.

ఇది తెలిసి కూడా నేను చేసిన పని చెప్పాలి.

2008లో నీటి సంరక్షణ పనులు చేసే ఒక ప్రాజెక్టులో నాకు కొలతలు తీసే ఉద్యోగం దొరికింది. మా సారు మిర్యాలగూడ నుంచి జీపులో వచ్చేవాడు. రెండు పంటలు వరి పండే కాలువ కింద పుట్టి పెరిగిన మనిషి. దున్నని భూమంతా ఆయన కంటికి దండగ. మా వాలును జీపు దిగకుండానే చూసి కాగితం మీద 'పనికిరాని బీడు' అని రాశాడు. పైపొర గీకి, చదును చేసి, మొక్కలు నాటాలట. ఆ రాత కింద నా సంతకం ఉంది.

డోజర్ వచ్చిన రోజు అత్త దాని ముందు నిలబడింది.

"సారూ, గా నల్ల పెచ్చు తియ్యకుండ్రి. గది పోతే మన్ను ఆగది. మన్నంత పోయి కుంటల పడ్తది."

"అది పాచి అమ్మా. పాచి కోసం పని ఆపమంటావా?" అని ఆయన నవ్వాడు.

అత్త నా వైపు తిరిగింది. "నువ్వన్న జెప్పు బిడ్డా."

నేను టేపు చుట్టుకుంటూ నిలబడ్డాను. ఉద్యోగం కొత్త అనుకున్నాను. అది సాకు అని ఇప్పుడే కాదు, అప్పుడూ తెలుసు. రెండు రోజుల్లో వాలులో ముప్పాతిక భాగం తోలు ఒలిచినట్టు ఎర్రగా తేలింది.

మొదటి పెద్ద వాన ఒక మధ్యాహ్నం పడింది. తగ్గీ తగ్గగానే వెళ్లి చూశాను. మిగిలిన నల్ల పెచ్చు మీద నుంచి కూడా నీళ్లు జారుతున్నాయి, కానీ తేటగా, గరుకుల్లో ఆగి ఆగి. గీకిన వైపు నుంచి చిక్కటి ఎర్రనీళ్లు ఉరుకుతున్నాయి. నాటిన మొక్కలు చాలావరకు కొట్టుకుపోయాయి. ఆ వానాకాలం ముగిసేసరికి కుంట సగం పూడింది. నీళ్లకు దిగిన సూడి గొర్రె ఒకటి ఆ బురదలో కడుపు దాకా కూరుకుపోయింది. అత్తా నేనూ తాడు వేసి లాగాం. బయటికైతే వచ్చింది, సాయంత్రానికి చచ్చిపోయింది.

అత్త తిట్టలేదు. "నువ్వు సదువుకున్నవని ఎంత సంబురపడ్డ," అంది. తర్వాత చాలా నెలలు నాతో మాట్లాడలేదు.

మరుసటి ఏడాది మిగిలిన ముక్క కూడా గీకాలని కాగితం వచ్చింది. ఈసారి సారును జీపు దింపి తీసుకెళ్లాను. పెచ్చు మీద ఒక బకెట్, గీకిన నేల మీద ఒక బకెట్ నీళ్లు పోసి చూపించాను. ఆయన తన బూటుకు అంటిన ఎర్ర బురదను మాత్రమే చూశాడు.

"పని పూర్తి కావాలి. సంతకం పెట్టు."

"నేను పెట్ట, సార్. గిది బీడు కాదు."

ఆ మాటే కాగితం మీద రాశాను. వారం తిరగకుండా నన్ను కోదాడ వైపు పంపేశారు. ఆ ముక్క మాత్రం మిగిలింది. నా ధైర్యం వల్లేమీ కాదు. డోజర్ వేరే పనికి పోయింది, తర్వాత ఎవరూ పట్టించుకోలేదు. అయినా 'పని పూర్తి' అని బోర్డు పాతారు. ఆ బోర్డును తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు పటపట కొరుకుతాను.

2013లో సూర్యాపేటలో మా అందరికీ ఒక శిక్షణ పెట్టారు. పాఠం చెప్పడానికి వచ్చిన మేడం తెర మీద ఫోటో వేసింది. అచ్చం అదే నల్ల పెచ్చు. కంటికి కనిపించని సూక్ష్మజీవులు, నాచు కలిసి దారాల్లాంటి జిగురుతో మట్టిని పట్టి ఉంచుతాయనీ, వాటిలో కొన్ని గాలిలోని నత్రజనిని నేలకు ఇస్తాయనీ, ఒకసారి చెదిరితే మళ్లీ కట్టుకోవడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుందనీ చెప్పింది. ముందు వరసలో మా పాత సారు తల ఊపుతూ శ్రద్ధగా రాసుకుంటున్నాడు.

నా ఒళ్లు మండిపోయింది. లేచి నిలబడి, వాలు గీకడం నుంచి గొర్రె చావడం దాకా, నా సంతకంతో సహా, అందరి ముందూ చెప్పాను.

సారు వెనక్కి తిరిగాడు. "అప్పుడు మనకెవరికీ తెలియదు కదమ్మా."

"మా అత్తకు తెలుసు, సార్. మీకు చెప్పింది. మీరు నవ్విండ్రు."

ఆయన మళ్లీ పుస్తకంలోకి తల దించాడు. నేను భోజనానికి ఆగకుండా బస్టాండుకు నడిచాను.