గేటు తీయని అక్క

సూళ్లూరుపేట దగ్గర మా ఊరి రైల్వే గేటులో పనిచేసిన ఆమె పేరు నేనెప్పుడూ అడగలేదు. మా అందరికీ ఆమె గేటక్క. రసాయనాల ట్యాంకర్ల గూడ్సు వస్తుందంటే చాలు, ఒక చేత జెండా పట్టి, రెండో చేత్తో చీర చెంగు గాలికి వదిలి, గాలి ఎటు వీస్తోందో చూసుకునేది. అది చూసి మేం నవ్వుకునేవాళ్లం.

ఒక మధ్యాహ్నం అలా పోతున్న ట్యాంకరు మూత దగ్గర తెల్లటి పొగ కనిపించింది. మూసిన గేటు ముందు ఆగి ఉన్న మా ముక్కులు భగ్గున మండాయి. అక్క ఎర్రజెండా ఊపి బండిని ఆపించి, స్టేషనుకు ఫోన్ చేసింది. బండి గేటు దాటి ఆగింది. అయినా ఆమె గేటు తీయలేదు.

కారులోంచి ఒక పెద్దమనిషి దిగాడు. "బండి దాటింది గదా, తియ్యి! నేనెవురో తెలుసా?"

"ఎవురైనా తీయను. గాలి అవతలి రోడ్డు మీదికే కొడతాండాది. ముక్కుకు తడిగుడ్డ కట్టుకోని అందరూ వెనక్కి పోండి!"

ఆయన ఆమె చేతిలోని గేటు తాళంచెవి లాక్కోబోతే దాన్ని రవికలో దోపుకుంది. అప్పటిదాకా హారన్ కొట్టిన నేను సిగ్గుపడి బైకు వెనక్కి తిప్పాను.

సాయంత్రానికి సిబ్బంది వచ్చి లీకు ఆపారు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ పెద్దమనిషి ఫిర్యాదు చేశాడు. విచారణకు వచ్చిన రైల్వే అధికారి నన్నూ సాక్షిగా పిలిపించాడు. అక్కతో, "బండి పోయాక గేటెందుకు తీయలేదు? తప్పయిందని రాసివ్వు," అన్నాడు.

"బండి దాటినాది సార్, విషం దాటలేదు. తప్పని రాయను. ఇంకోసారీ తీయనని రాసుకోండి."

ఆయన అలాగే రాసుకున్నాడు. కింద సాక్షిగా నేను సంతకం చేశాను.