బల్ల కాలి కింద ఉక్కుగుండె

బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో అతని ఉద్యోగం మనుషుల వెనక నిలబడటం. ఎవరు ఎన్ని సెకన్లలో కాలరు కుడుతున్నారో గడియారం నొక్కి రాసుకోవడం. కన్నవాళ్లు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది, కానీ అందరికీ అతను స్టాప్‌వాచ్. ఒకసారి మిషన్లు బాగుచేసే ముసలాయన్ని పదిహేను రోజులు గమనించి, ఎక్కువసేపు ఖాళీగా కూర్చుంటున్నాడని రాసి పంపించేయించాడు. మూడో రోజుకల్లా నాలుగు మిషన్లు ఆగాయి. అప్పుడైనా బుద్ధి వచ్చిందా అంటే, అబ్బే! అవి ఎంతసేపు ఆగాయో కూడా రాసుకున్నాడు. క్యాంటీన్‌లో ఆ మహానుభావుడి పక్కన కూర్చుని తినేవాళ్లు ఎవరూ లేరు.

అలాంటివాడికీ ఒక స్వర్గం ఉంది. ఆదివారం మధ్యాహ్నం, అక్క ఇంట్లో భోజనాల బల్ల, దాని మీద పాచికలు వేసి ఆడే వీరుల ఆట. ఒక్కొక్కరూ కాగితం మీద ఒక వీరుణ్ణి రాసుకుని, ఆ వీరుడి తరఫున ఆడాలి. ఆట నడిపేది బావ, రాక్షసులందరి తరఫునా ఆయనే. పక్కింటి డ్రైవింగ్ మాస్టారు మాంత్రికుడు. అక్క గాయాలు మాన్పే వైద్యురాలు. స్టాప్‌వాచ్ ఆడేది ఉక్కుగుండె అనే యోధుణ్ణి, ఆరేళ్లుగా.

ఆ బల్లకి ఒక కాలు పొట్టి. ఆటలో చచ్చినవాడు చచ్చినట్టే. వాడి వివరాలు రాసుకున్న కాగితాన్ని ఎవరిది వాళ్లే మడిచి ఆ కాలి కింద పెట్టాలి. అదీ ఆ ఇంటి కట్టుబాటు. మాస్టారి మాంత్రికులు అప్పటికే ముగ్గురు అక్కడికి చేరారు, అయినా బల్ల ఊగుతూనే ఉంది. ఉక్కుగుండె కాగితాన్ని మాత్రం స్టాప్‌వాచ్ ప్లాస్టిక్ కవరులో పెట్టి రోజూ ఆఫీసు బ్యాగులో మోసుకెళ్లేవాడు. నవ్వకండి పాపం, జన్మకి అతనికి ఎవరైనా చప్పట్లు కొట్టారంటే ఆ కాగితం వల్లే.

సుఖంగా ఉన్న ప్రాణాన్ని ఊరికే ఉంచుకుంటాడా? ఒక ఆదివారం లావుపాటి నోటుపుస్తకం తెచ్చి బల్ల మీద ధన్‌మని పెట్టాడు.

"అరవై మూడు యుద్ధాలు లెక్క తీశాను బావా. యోధుడు యుద్ధానికి నలభై దెబ్బలు, మాంత్రికుడు ముప్పై ఎనిమిది. అక్క మొత్తం అన్నిటికీ కలిపి పంతొమ్మిది. అదీ చేతికర్రతో."

"అయితే ఏమంటావోయ్?" అన్నాడు బావ.

"ఒక చోటు దండగ. అక్క విలుకత్తెగా మారితే గానీ జట్టు కుదరదు."

అక్క చేతిలో పెన్సిలు ఆగింది. "నీకు గాయమైనప్పుడల్లా మాన్పుతూ కూర్చున్నాను కదరా. దానికో గడి లేదా నీ పుస్తకంలో?"

"దెబ్బ కొట్టనిది లెక్కలోకి రాదక్కా."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు! అక్క వైద్యురాలి కాగితాన్ని సొరుగులో పడేసి, కొత్త కాగితం మీద విలుకత్తెను రాసుకుంది. ఒళ్లు మండితే ఆవిడ అరవదు.

ఆ పూటే గుహలో రాతిభూతం ఎదురైంది. అక్క బాణాలు! ఆరేళ్ల కసి ఉంది వాటిలో. మొదటి విడతలోనే పన్నెండు, రెండో విడతలో పద్దెనిమిది. స్టాప్‌వాచ్ ఆనందంగా గడులు నింపుకుంటున్నాడు. భూతం మాత్రం ఎదురుగా నిలబడ్డవాణ్ణే బాదుతోంది, ఆ నిలబడ్డవాడు ఉక్కుగుండె.

నాలుగో విడతలో బావ అడిగాడు. "ఏమోయ్, నీ వాడికి ప్రాణం ఎంత మిగిలింది?"

స్టాప్‌వాచ్ అలవాటుగా అక్క వైపు చూశాడు. ఆరేళ్లలో ఆ లెక్క అతను ఒక్కసారి కూడా రాసుకోలేదు. అక్క పెన్సిలే రాసేది.

"నన్ను చూస్తావేంరా? నేను బాణాలు వేస్తున్నాను."

అతను పేజీలు తిప్పాడు. కొట్టిన దెబ్బలే ఉన్నాయి అన్ని పేజీల్లోనూ. తిన్న దెబ్బలు బావే చదివి వినిపించాడు. అవన్నీ కూడి తీసేస్తే ప్రాణం రెండే మిగిలింది. భూతం పాచికలు దొర్లాయి, పదకొండు దెబ్బలు.

"అక్కా, సొరుగులో ఉంది కదా, ఒక్కసారి తియ్యవే!" చేతులు కాలాక ఆకులు!

"ఆట మధ్యలో మార్చకూడదు," అన్నాడు బావ మెల్లగా.

స్టాప్‌వాచ్ కవరులోంచి కాగితం తీశాడు. నాలుగు మడతలు పెట్టడానికి చాలా సమయం పట్టింది. బల్ల కిందికి దూరి, పొట్టికాలి కింద పెట్టాడు. పైన బావ చేత్తో బల్లని నొక్కి చూశాడు. అంగుళం కూడా కదల్లేదు.

"కుదిరింది," అన్నాడు మాస్టారు, నోరు ఊరుకోక.

అక్కకి జాలేసింది, అయినా మాట మెత్తబడనివ్వలేదు. "ఇవతలికి రారా. కొత్త కాగితం తీసుకో. వైద్యుడి చోటు ఖాళీగా ఉంది."

స్టాప్‌వాచ్ బల్ల కిందే ఉండిపోయాడు. ఎంతసేపో లెక్కపెట్టే అలవాటు ఆ ఇంట్లో ఇంకెవరికీ లేదు.