వస్తోందో పోతోందో తెలియని పడవ

విశాఖలో బొమ్మల పాఠాలు చెప్పుకునే నాకు స్నేహితురాలు ఒక ఫోటో పంపింది. ఉత్తర అండమాన్ డిగ్లీపూర్‌లో ఒక ఇంటి గుమ్మం మీద పాత పడవ చెక్క, దానిమీద నలుపు తెలుపు కోణాలు. వందేళ్ల కిందట లండన్‌లో కొందరు చిత్రకారులు పాత కళనంతా తిట్టిపోస్తూ వోర్టిసిజం అనే ఉద్యమం లేపారు, గులాబీ అట్టతో పత్రిక కూడా తెచ్చారు. ఈ గీతలు అచ్చం వాళ్లవే. అవి అండమాన్ జాలరి ఇంటికెలా చేరాయో తెలిసేదాకా నాకు నిద్ర పట్టదు, అదీ నా రోగం.

పోర్ట్ బ్లెయిర్‌లో తెల్లవారుజామున నాలుగింటికి బస్సెక్కి, అడవి దారి, బస్సును నీళ్లు దాటించే పంటు అన్నీ దాటి సాయంత్రం నాలుగున్నరకు దిగాను. టికెట్టు ఐదొందల లోపే. ఆటో అతను ఇల్లు చూపించి ఆగిపోయాడు. "దీదీ, ఆ చెక్క కిందనుంచి నాను ఎల్లను. ఆప్ జాయియే," అన్నాడు. నవ్వుకున్నాను గానీ, గుమ్మం దాటుతుంటే నాకూ తల వంగింది.

ఇంటామె నూకాలమ్మకు తొంభై దగ్గర పడ్డాయి. శ్రీకాకుళం తీరం నుంచి జనాన్ని ఇక్కడ స్థిరపరిచిన రోజుల్లో కొత్త పెళ్లికూతురిగా వచ్చింది. పాడుబడిన దొర బంగళా కూల్చే పనికెళ్లిన మొగుడికి ఆ పత్రిక పేజీ ఒకటి దొరికింది. ఒకవైపు బొమ్మ, రెండోవైపు రాత. బొమ్మకు ముచ్చటపడి, పడవ ముక్కుకు ఆచారంగా వేసే రెండు కళ్లనూ చెరిపేసి ఆ గీతలు గీశాడట. అప్పట్నుంచి ఒడ్డున నిలబడితే పడవ ఇటొస్తోందో అటుపోతోందో తెలిసేది కాదట. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడలకు ఇలాంటి గీతలు వేసింది, శత్రువుకు సరిగ్గా ఆ సంగతే తెలియకూడదని.

"గాలి తిరిగిన రోజు వస్తన్నాడనుకున్నానమ్మా. బువ్వ వార్సడానికి లోనికెల్లిపోనాను. గాలికి కొట్టుకుపోతన్నాడని తెలిస్తే కేకెయ్యనా, మిగతా పడవలు ఎల్లేవి కావా," అంది. మూడో రోజు చెక్క ఒక్కటే ఒడ్డుకొచ్చింది.

ట్రంకుపెట్టెలోంచి ఆ పేజీ తీసి నా చేతిలో పెట్టింది. అది దొరల శాపమని ఊళ్లో అన్నారట, ఇన్నేళ్లూ ఎవరిచేతా చదివించలేదు. ఆ పత్రికలో శాపాల పేజీలున్నాయి, దీవెనల పేజీలూ ఉన్నాయి. ఇది ఓడల్నీ, రేవుల్నీ, సముద్రం మీద తిరిగేవాళ్లనీ దీవించే పేజీ. సంతోషిస్తుందని గబగబా చెప్పేశాను.

ఆమె కాగితం నా చేతిలోంచి తీసుకుని మడతపెట్టింది.

"సాపమైతే బాగుండేదమ్మా. ఇన్నాళ్లూ నా తప్పు దాని మీదే తోసేసినాను."

బయట ఇంకా ఎండ ఉంది. ఆ చెక్క కిందనుంచే తల వంచుకుని బయటికొచ్చాను.

తిరుగు బస్సులో పన్నెండు గంటలూ నా మీద నాకే కోపం. ఆమె ఇన్నేళ్లూ పట్టుకు నిలబడిన ఒక్క ఊతాన్ని, ఒక బొమ్మ సంగతి తెలుసుకోవాలన్న ఆత్రంతో నేను లాగేశాను. మీరు వెళ్తే బస్సు టికెట్టు ముందురోజే తీసుకోండి. నూకాలమ్మ ఆ కాగితం మీ చేతికిస్తే, ముందు వచ్చినావిడకు ఇంగ్లీషు సరిగా రాదని, అది శాపమేనని చెప్పండి.