చేతులు వెనక్కి

మా కాలేజీ లినక్స్ క్లబ్బులో ఒక నియమం ఉండేది. సాయం చేసేవాడు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి. కీబోర్డు ముట్టుకోకూడదు. లాప్‌టాప్ ఎవరిదో వాళ్లే టైపు చేసుకోవాలి. ల్యాబ్ అసిస్టెంటుగా శనివారం మధ్యాహ్నాలు వాళ్ల కోసం ల్యాబ్ తెరిచి కూర్చునే నాకు ఇదంతా చూస్తే ఒళ్లు మండేది. రెండు నిమిషాల పనిని గంటసేపు సాగదీయడం ఏమిటి?

ఆ నియమం పెట్టినవాడు పెంచలకృష్ణ. ఊరు తోటపల్లి గూడూరు దగ్గర. వాళ్ల నాన్న రొయ్యల గుంటల్లో మేత చల్లే పని చేస్తాడు. కొడుక్కి ఎవరో వాడి వదిలేసిన లాప్‌టాప్ కొనిచ్చాడు. అది తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. సీనియర్ ఒకడు అందులో విండోస్ తీసేసి, ఉచితంగా దొరికే లినక్స్ వేసిపెట్టి, చదువు ముగించుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఏది చెడినా అడగడానికి మనిషి లేడు. కిందా మీదా పడి తనే నేర్చుకున్నాడు.

"చేసిపెట్టేవాడు పోతే మన గతేంది మాథ్యూ సార్?" అనేవాడు నాతో.

మూడేళ్లలో మనిషి నలిగిపోయాడు. వైఫై రాలేదనీ, సౌండ్ పోయిందనీ, అన్నం తింటున్నా ఫోన్లే. తోడున్నవాళ్లు ఉద్యోగాల వేటలో పడి ఒక్కొక్కరే జారుకున్నారు. వాడి చదువూ ముగింపుకొచ్చింది. క్లబ్బును ఇకపై ఎవరు నడుపుతారో ఈ శనివారం సాయంత్రంలోగా చెప్పకపోతే గది వేరే క్లాసులకు ఇచ్చేస్తామన్నారు ప్రిన్సిపాల్ గారు. పెంచలకృష్ణ అడిగినవాళ్లంతా ఏదో ఒక సాకు చెప్పారు. వాడి ముఖం చూస్తే నాకే జాలేసింది.

ఆ శనివారం వచ్చింది గంగాభవాని ఒక్కతే. వాకాడు వైపు చేపలు పట్టే ఊరి పిల్ల, మొదటి సంవత్సరం. తొలిసారి వచ్చినప్పుడు, "నువ్వు చెయ్యకపోతే ఇక్కడెందుకుండావు అన్నా?" అని గయ్యిమంది. లోలోపల చప్పట్లు కొట్టాను. ఈసారి అప్‌డేట్ చేశాక వైఫై పోయిందట. పెంచలకృష్ణ చెబుతుంటే ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. తప్పొచ్చింది. మళ్లీ కొట్టింది. మళ్లీ తప్పే.

పెంచలకృష్ణ గడియారం చూశాడు.

"ఇంక నా వల్ల కాదు. లెయ్ భవానీ, నేనే చేసిచ్చేస్తా. ఎట్టాగూ ఇదే చివరి రోజు" అంటూ కీబోర్డు మీద చెయ్యి వేశాడు. ఆ గదిలో వాడలా చేయడం అదే మొదటిసారి.

"చెయ్యి ఎనక్కి పెట్టుకో అన్నా" అంది ఆ పిల్ల, తెర మీది నుంచి చూపు తిప్పకుండానే. "మా రూములో ఇద్దరికి నేనే దగ్గరుండి లినక్స్ వేయించినా. రేపు వాళ్లకి వైఫై పోతే నేను చెప్పాల గదా."

వాడు మెల్లగా చెయ్యి తీసి, రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. "క్లబ్బు చూసుకుంటావా?" అని అడిగాడు.

"మాథ్యూ సార్ తలుపు తీస్తే చూసుకుంటా. ముందు దీని సంగతి చెప్పు."

నా శనివారాలు మరో మూడేళ్లు పోయినట్టే. గొణుక్కుంటూనే ప్రిన్సిపాల్ గారికి ఫోన్ చేసి ఆ పిల్ల పేరు చెప్పాను.

తిరిగి చూస్తే పెంచలకృష్ణ కళ్ల నిండా నీళ్లు. తుడుచుకోవడానికి కూడా చేతులు ముందుకు తీయలేదు.