అవ్వ లెక్కపెట్టిన అంచు

"ఆ రోజులే వేరు" అనేవాళ్ళంటే మా అత్త సుధాలక్ష్మికి ఒళ్ళు మంట. నాకూ అంతే.

అత్తది తమిళనాట కోవిల్‌పట్టిలో నేత ఇల్లు. ఎనభై ఏడులో, ఆమెకు పద్దెనిమిదేళ్ళప్పుడు, సింగపూరు నుంచి వచ్చిన మేనమామ ఒక చిన్న కంప్యూటర్ తెచ్చిచ్చాడు. చూడ్డానికి ఉత్త మీటల పలక. బొమ్మ చూడాలంటే టీవీకి తగిలించాలి, చేసింది దాచుకోవాలంటే టేపు రికార్డరుకు తగిలించాలి. కరెంటు పోతే అంతవరకూ కొట్టిందంతా గంగలో కలిసినట్టే. దాంతో అత్త చీర అంచులు గీయడం నేర్చుకుంది. నేర్పేవాళ్ళు లేరు. ఆమెకున్నది ఒక ఇంగ్లీషు పుస్తకం, బోలెడంత మొండితనం.

మా అవ్వ పాపమ్మాళ్‌కు, అంటే అత్త వాళ్ళమ్మకు, ఒక అంచు నోటికొచ్చు. చదువు రాదు, కాగితం మీద గీయడమూ రాదు. మగ్గం ముందు కూర్చుని పోగులు పైకి లెక్కపెట్టేది. అత్త ఆ లెక్కను క్యాసెట్‌లో పట్టుకుని, ఆపి ఆపి వింటూ కంప్యూటర్‌లోకి ఎక్కించింది. ఇంట్లో ఖాళీ క్యాసెట్ ఇంకొకటి లేదు. అందుకని అవ్వ గొంతు అయిపోయిన చోటు నుంచి అంచు గీసే ఆ ప్రోగ్రామును కూడా అందులోనే దాచింది.

విరుదునగర్‌లో అత్త చిన్నాయన కొడుకు హరికృష్ణన్‌కు కూడా అప్పట్లో ఒక కంప్యూటర్ ఉండేది, వేరే కంపెనీది. దాని ప్లగ్గు దీనికి పట్టదు, దీని టేపు అది చదవదు. తెలియక అత్త ఆశగా క్యాసెట్ పట్టుకుపోతే, "నీది బొమ్మ పెట్టె అక్కా, నాది నిజం మిషను" అని స్నేహితుల ముందు పగలబడి నవ్వాడట. మరుసటి ఏడాది అత్త యంత్రం కాలిపోయింది. కొన్నాళ్ళకు అవ్వా పోయింది. ఆమె గొంతు ఆ క్యాసెట్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. ఫోనులోకి ఎక్కించి ఇస్తానని నేను రెండేళ్ళుగా వాయిదా వేస్తూ వచ్చాను. ఆ పాపం నాది.

ఇప్పుడు హరికృష్ణన్ పాత కంప్యూటర్లు పోగుచేసే పెద్దమనిషి. అప్పుడు వెక్కిరించిన ఆ బొమ్మ పెట్టెనే వెతికి కొని, మూణ్ణెల్ల కిందట ఫోను చేశాడు. "క్యాసెట్ ఇయ్యక్కా, నీ అంచు మళ్ళా టీవీలో చూపిస్తా" అన్నాడు. అత్త పంపింది. అవ్వ గొంతు జాగ్రత్త అని నా ఎదుటే మూడుసార్లు చెప్పింది.

పోయిన నెల విరుదునగర్‌లో ఒక కల్యాణ మంటపంలో ఆయన పాత కంప్యూటర్ల ప్రదర్శన పెట్టాడు. అత్తా నేనూ బస్సులో వెళ్ళాం. బట్టతల మగవాళ్ళు మీటలు నిమురుతూ "ఎంత తియ్యని కాలం" అని కరిగిపోతున్నారు. నడుమ టీవీలో అవ్వ అంచు, ఎరుపూ పసుపూ మెరుస్తూ ఉంది. కింద అట్టమీద హరికృష్ణన్ పేరు ఒక్కటే ఉంది.

అత్త ఆ పేరు సంగతి ఎత్తలేదు. క్యాసెట్ తీసుకుని, పక్కనున్న టేపు రికార్డరులో మొదటి నుంచి వేసింది. గొంతు లేదు. కీచుమనే కంప్యూటర్ మోత మాత్రం వచ్చింది.

"అమ్మ గొంతు ఏడరా?"

"ముందర ఎవురో లెక్క పెడతా ఉండ్రి అక్కా. సుమ్మా సత్తం, ఉత్త మోత. ప్రతిసారీ దాన్ని దాటి వెతకాల్సొచ్చె. అందుకే టేపు మొదట్నించీ దాని మీదనే ప్రోగ్రామును మళ్ళా రికార్డు చేస్తిని. ఇప్పుడు చూడు, వేస్తానే వచ్చేస్తాది!"

"ఎవురో కాదురా. నీ పెద్దమ్మ. నీకు అన్నం పెట్టినామె."

ఆయన నోరు తెరిచాడు. "మర్చిపోతినక్కా" అన్నాడు. పాత రోజుల్ని తలుచుకోవడానికి మంటపం అద్దెకు తీసుకున్న మనిషి అన్నాడు ఆ మాట!

అత్త క్యాసెట్ సంచిలో వేసుకుంది. వంగి కంప్యూటర్ ప్లగ్గు పీకేసింది. టీవీలో అంచు మాయమైంది.

"అయ్యో అక్కా! అది మళ్ళా రావాలంటే ఆ టేపు కావాల!"

"కావాలనే తీసుకుపోతా ఉండా."

ఇప్పుడా క్యాసెట్ మళ్ళీ బిస్కట్ డబ్బాలో ఉంది. దాన్ని చదవగల యంత్రం మాకు తెలిసినంతలో హరికృష్ణన్ దగ్గర మాత్రమే ఉంది. ఆ గడప అత్త ఇక తొక్కదు. అంచు కూడా పోయినట్టేనని ఆమెకు తెలుసు. తెలిసే తెచ్చుకుంది.