సముద్రం పాఠానికి తెచ్చిన చేంతాడు

మా నాయన రాళ్లు కొట్టేవాడు, బావులు తవ్వేవాడు. గురజాలలో సగం బావులు ఆయన తవ్వినవే. యుద్ధం జరుగుతున్న ఆ రోజుల్లో నేను ఆ ఊరి బడిలో నాలుగో తరగతి. రాళ్ల గని పక్క గుడిసెల నుంచి బడికి పోయే పిల్లను నేనొక్కదాన్నే. నేను కూర్చునే గోనెపట్టా వేరు, మూల కూడా వేరు.

మాస్టారు బాపట్ల వైపు మనిషి. సముద్రం ఎరుగని మాకు దాని లోతు చెప్పాలని ఆయన తాపత్రయం. ఓడవాళ్లు తాడుకు బరువు కట్టి లోతు చూస్తారని చెప్పి, "రేపు అందరూ చేంతాళ్లు తెండి. అన్నీ కలిపి కట్టి మాచర్ల బాట మీద పరుద్దాం. అయినా సముద్రానికి ఏ మూలకూ రాదు" అన్నారు.

మా చేంతాడు పాతదని నాయన సిగ్గుపడ్డాడు. పని మానుకొని గోగునారతో కొత్తది పేనాడు. తన నిలువు కొలుచుకొని నిలువుకొక ముడి వేశాడు. బావి తవ్వేవాళ్ల లెక్క అదే. నా కాళ్లు నేల మీద నిలవలేదు.

మర్నాడు బాట మీద తాళ్లన్నీ ఒకదానికొకటి ముడిపడుతున్నాయి. నా వంతు రాగానే ముందున్న రైతుబిడ్డ తన తాడు వెనక్కి లాక్కున్నాడు.

"దీని తాడుకు కడితే మాయమ్మ ఈ తాడు మళ్లా బావిలో ఎయ్యనీదు మాస్టారూ."

వాళ్ల బావి తవ్వింది మా నాయనే. మాస్టారు నా మొహం చూడలేదు.

"నువ్వు ముడి వెయ్యొద్దులేమ్మా. చివర కొంచెం ఎడంగా పరిచి అక్కడే నిలబడు. అదే సముద్రం అడుగు" అన్నారు.

నిలబడ్డాను. అవతలి చివర పిల్లల నడుమ మాస్టారు చేతులూపుతూ ఏదో చెబుతున్నారు. ఒక్క ముక్క వినపడలేదు. అడుగున ఏముంటుందో నాకు తప్ప అందరికీ తెలిసింది. అంత ఒంటరితనం నేను మళ్లీ ఎరగను. ఏడిస్తే చూస్తారని ఏడవలేదు. గంట కొట్టాక ఎవరి తాడు వాళ్లు విప్పుకొని పోయారు. నాకు విప్పుకోవడానికి ముడే లేదు.

సాయంత్రం నాయన అడిగాడు. "సముద్రం చానా లోతంటనా? ఎవరు తవ్వారంట?"

"ఎవరూ తవ్వలేదంట నాయనా."

ఆయన నమ్మలేదు. "మనిషి దిగకుండా అంత లోతు యాడొస్తదే? సరేగానీ, మన తాడు యాడ కట్టారు?"

"అన్నిటికన్నా అడుగున."

నాయన మొహం వెలిగిపోయింది. బావి పనిలో అడుగుకు దిగేవాడిదే పెద్దరికం.

"అయితే రేపు కూడా పట్టకపో. ఇంకో రెండు నిలువులు పేనిస్తా" అన్నాడు.

"వద్దు నాయనా. సముద్రం అయిపోయింది" అన్నాను.